బ్రిటిష్ సైనిక రైఫిళ్లు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో సేకరణ, కాల్పుల క్రీడ

బ్రిటిష్ సైన్యం 19వ శతాబ్ది నడుమ నుంచి 1950ల దాకా వాడి వదిలేసిన రైఫిళ్లను వెతికి తెచ్చుకోవడం, వాటి మీది ముద్రలను చదవడం, వీలు చిక్కినప్పుడు గురికి పెట్టి కాల్చడం ఇంగ్లండ్‌లోనూ అమెరికా, కెనడాల్లోనూ పాతుకుపోయిన వ్యాపకం. హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట వైపు ఆ అర్థంలో సేకర్త ఉండడం కుదరదు. ఆ రైఫిళ్లలో ముఖ్యమైన రకాన్ని ఇంట్లో పెట్టుకోవడం భారతీయ చట్టం దృష్టిలో పెద్ద నేరం. అయినా ఈ రైఫిళ్ల చరిత్ర రాయాలంటే ఈ శివారును తప్పించుకోలేం. సికింద్రాబాద్ కంటోన్మెంటు, తిరుమలగిరి, బొల్లారం, హకీంపేట వరసగా ఉన్న సైనిక పట్టీ సరిగ్గా ఈ రెండు ఊళ్ల వాకిట్లోకి వచ్చి ఆగుతుంది. రెండు వందల ఏళ్లకు పైగా ఆ పట్టీలో తుపాకులు దిగాయి, మరమ్మతయ్యాయి, కాలాయి, పక్కకు పోయాయి. ఇక్కడ వాటిని పోగుచేసినవాడు ఎప్పుడూ ప్రభుత్వమే: మొదట కంపెనీ సర్కారు, ఆపై నిజాం, ఆ తర్వాత పోలీసు శాఖ. అందుచేత ఈ వారసత్వానికి అసలు ముప్పు ప్రైవేటు సేకరణ మీద ఉన్న నిషేధం వల్ల రావడం లేదన్నది ఈ వ్యాసం వాదన. వివరాలు నమోదు చేయకుండా కరిగించేయడం వల్ల వస్తోంది. నిషేధాన్ని సడలించకుండానే ఆ నష్టాన్ని ఆపవచ్చు.

1798 సంధితో నిజాం రాజ్యంలో కంపెనీ సహాయక సైన్యం స్థిరపడింది. 1806లో నిజాం సికందర్ జా పేర సికింద్రాబాద్ ఏర్పడింది. ఇంకొంత ఉత్తరాన బొల్లారం, నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కంటింజెంటుకు కేంద్రమైంది. అంటే ఒకే దారి మీద, కొన్ని మైళ్ల ఎడంలో, రెండు రకాల సైన్యాలు ఉండేవి. 1857 తిరుగుబాటు తర్వాత తెల్ల సైనికుడి చేతిలోని తుపాకీ, దేశీయ సిపాయి చేతిలోని తుపాకీ ఒకటి కాకుండా చూడడం బ్రిటిష్ విధానమైంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ .577 అంగుళాల గొట్టంలో గాడులు చెక్కిన రైఫిల్. తిరుగుబాటుకు నిప్పంటించిన కొవ్వు తూటాల వివాదం దాని చుట్టూ నడిచిందే. తిరుగుబాటు అణిగాక సిపాయిలకు ఇచ్చినది పైకి ఎన్‌ఫీల్డ్‌లాగే కనిపించేది, లోపల మాత్రం గాడులు లేని నున్నటి గొట్టం. గాడి లేకపోతే గుండు సుడి తిరగదు, దూరం పోయేసరికి గురి తప్పుతుంది. ఆ తర్వాత జేకబ్ స్నైడర్ పద్ధతిలో వెనక నుంచి తూటా పెట్టే మార్పు 1866లో వచ్చింది, 1871లో మార్టినీ-హెన్రీ వచ్చింది, 1888లో లీ-మెట్‌ఫర్డ్ వచ్చింది. ప్రతిసారీ కొత్తది ముందు బ్రిటిష్ పటాలాలకు, వాళ్లు దించిన పాతది దేశీయ పటాలాలకు. కాబట్టి దక్కన్‌లో దొరికే ఒక పాత రైఫిల్ మీది సంవత్సరాన్ని చూసి అది అదే ఏడాది ఇక్కడ వాడుకలో ఉందనుకుంటే తప్పులో కాలేసినట్టే. తయారైన ఏడాదికీ ఇక్కడి సిపాయి భుజానికెక్కిన ఏడాదికీ నడుమ ఒక తుపాకుల తరం ఎడం ఉండేది. ఆ ఎడమే పాలకుల అపనమ్మకానికి కొలత. ఈ సంగతి జాబితాలో ఉన్న రైఫిల్ చెబుతుంది, కరిగిపోయిన రైఫిల్ చెప్పదు.

లీ-ఎన్‌ఫీల్డ్ దగ్గరికి వచ్చేసరికి విషయం చిక్కబడుతుంది. స్కాట్లండ్‌లో పుట్టి ఉత్తర అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్టు, పెట్టె మేగజీన్ దీనికి మూలం. మెట్‌ఫర్డ్ చెక్కిన లోతు తక్కువ గాడులు నల్ల మందుకు సరిపోయాయి. కార్డైట్ అనే పొగలేని మందు వచ్చాక దాని వేడికి త్వరగా అరిగిపోయాయి. అందుకే 1895లో ఎన్‌ఫీల్డ్ కర్మాగారం ఎడమవైపు తిరిగే 5 లోతైన గాడులు పెట్టింది. రైఫిల్ పేరులో మెట్‌ఫర్డ్ పోయి ఎన్‌ఫీల్డ్ చేరింది. ఆశ్వికుడికి కురచది, పదాతికి పొడుగుది అనే తేడా ఎత్తేసి, అందరికీ ఒకే పొట్టి రైఫిల్‌ను 1903లో ప్రవేశపెట్టారు. అదే ఎస్‌ఎంఎల్‌ఈ (షార్ట్ మేగజీన్ లీ-ఎన్‌ఫీల్డ్). 1907 నాటి మార్క్ 3 మీద 2,000 గజాల దాకా గుర్తులున్న సైటుతోపాటు, పక్కన ఇంకా దూరానికి ఓ చక్రం సైటు కూడా ఉండేది. ఒక మనిషిని అంత దూరాన ఎవరు కొట్టగలరని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఒక పటాలం మొత్తం ఒకే దిక్కుకు వానలా కాల్చడం అప్పటి యుద్ధ పద్ధతి. మొదటి ప్రపంచ యుద్ధం ఆ భ్రమ తీర్చింది. 1916లో మార్క్ 3కు చుక్క గుర్తు తగిలించి, చక్రం సైటు, మేగజీన్ అడ్డురేకు తీసేసి, చౌకగా, త్వరగా తయారుచేశారు. దీని బోల్టు వెనక వైపున గట్టిపడుతుంది, కాబట్టి తిప్పడం తేలిక, లాగే దూరం తక్కువ. నిమిషానికి 15 గురిచూసిన కాల్పులు 300 గజాల లక్ష్యం మీద అన్నది యుద్ధానికి ముందు బ్రిటిష్ పదాతి శిక్షణలో నిలబెట్టుకున్న ప్రమాణం. ముందు వైపున గట్టిపడే జర్మన్ మౌజర్ బోల్టు బలమైనదే గానీ ఆ వేగం దానికి లేదు.

భారతదేశంలో ఈ రైఫిల్ కథ కలకత్తా పక్కనున్న ఇషాపూర్‌లో నడిచింది. పాత తుపాకిమందు కర్మాగారం స్థలంలో 20వ శతాబ్ది మొదటి దశకంలో రైఫిల్ కర్మాగారం మొదలైంది. తూటాలు పుణె దగ్గరి ఖడ్కీలో తయారయ్యేవి, వాటి అడుగున కేఎఫ్ అన్న ముద్ర కనిపిస్తుంది. కార్డైట్ నీలగిరుల్లోని అరువంకాడు నుంచి వచ్చేది. ఇషాపూర్ రైఫిల్ బట్టు మొదట్లో, బోల్టు పిడి కింద ఉన్న ఉక్కు భాగం మీద కిరీటం, దాని కింద జీఆర్‌ఐ అక్షరాలు, కర్మాగారం పేరు, సంవత్సరం, నమూనా వరసగా ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాత కిరీటం పోయి అశోక సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ అక్షరాలు వచ్చాయి. వరస సంఖ్య రిసీవరు మీదా బోల్టు పిడి మీదా గొట్టం మీదా ముక్కు తొడుగు మీదా ఒకటే ఉంటే ఆ రైఫిల్ పుట్టినప్పటి అవయవాలతో ఉన్నట్టు. వేర్వేరుగా ఉంటే ఏదో ఆయుధాగారంలో పది రైఫిళ్లు విప్పి ఎనిమిది బిగించారన్నమాట. ముందు కర్ర చీలకుండా అడ్డంగా వేసిన మర ఇషాపూర్‌కు ప్రత్యేకం. గ్రెనేడ్లు విసరడానికి కేటాయించిన వాటికి ముందు భాగమంతా తీగ చుట్టి ఉంటుంది. డీపీ అని కొట్టి ఉంటే అది కవాతుకే, కాల్చడానికి పనికిరాదు. ఇటువంటివన్నీ చదవడం వచ్చినవాడికి ఒక్కో రైఫిల్ ఒక్కో సర్వీసు పుస్తకం. చదవడం రానివాడు నకిలీ చేతిలో మోసపోతాడు: వాయవ్య సరిహద్దులోని దర్రా ఆదమ్‌ఖేల్ కమ్మరులు లీ-ఎన్‌ఫీల్డ్‌ను చేత్తో గీకి తయారుచేసి, దాని మీద 1901లో చనిపోయిన విక్టోరియా రాణి ముద్ర కొట్టి, కింద ఆ తర్వాతి సంవత్సరం వేసిన సందర్భాలు సేకర్తలకు బాగా తెలుసు.

భారత ప్రభుత్వం ఈ రైఫిల్‌ను వెంటనే వదిలిపెట్టలేదు. 1962 చైనా యుద్ధం తర్వాతి కాలంలో ఇషాపూర్ అదే ఎస్‌ఎంఎల్‌ఈ రూపాన్ని మెరుగైన ఉక్కుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చి 2ఏ అనే రైఫిల్ తయారుచేసింది. దాని సైటు మీద మొదట 2,000 అంకె ఉండేది. 2ఏ1లో దాన్ని 800 మీటర్లకు తగ్గించారు. అరవై ఏళ్ల అత్యాశను ఒక్క రేకు మార్చి సరిదిద్దారు. ఇంకోవైపు అదే ఎస్‌ఎంఎల్‌ఈ గొట్టాన్ని తొలిచి, గాడులు తీసేసి, .410 మస్కెట్‌గా మార్చి పోలీసులకు, కాపలాదార్లకు ఇచ్చారు. మేగజీన్ ఉండాల్సిన చోట కర్ర బిగించి, ఒకసారి ఒకే తూటా పెట్టేలా చేశారు. ఎవరైనా దాన్ని ఎత్తుకుపోయినా సైన్యం తూటా అందులో పనిచేయకూడదన్నది ఉద్దేశం. 1857 తర్వాత నున్నటి గొట్టమిచ్చిన ఆలోచనే ఇక్కడ మళ్లీ తల ఎత్తింది. పోలీసు చేతిలోని ఆయుధం రేపు ఎవరి చేతిలో పడుతుందో పాలకుడికి ఎప్పుడూ అనుమానమే.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదనడానికి తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు పట్టుకుపోయింది. మన్యంలో రెండేళ్లు సాగిన పోరాటానికి ఆయుధం సర్కారు కొట్టులోదే. హైదరాబాద్ సంస్థానంలో కథ ఇంకా చిక్కుముడి. బొల్లారం కంటింజెంటు 1903లో భారత సైన్యంలో కలిసిపోయింది. దాని పదాతి దళాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా, 1945లో కుమావూఁ రెజిమెంటుగా మారాయి. ఆశ్వికుల్లో 20వ దక్కన్ హార్స్ 1916 జులై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, గుర్రాల మీద దాడికి దిగింది. నిజాం సొంత సైన్యానిది వేరే లెక్క. 1948లో భారత ప్రభుత్వం ఆయుధాల రాకను కట్టడి చేసినప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసి, జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాక, సైన్యం తుపాకులు, రజాకార్ల దగ్గరివి, అంతకుముందు నుంచి తెలంగాణ సాయుధ పోరాటంలో ఊళ్లలో తిరుగుతున్న భర్మార్ నాటు తుపాకులు, గడీల నుంచి లాక్కున్న రైఫిళ్లు అన్నీ ఒకే కాలంలో పట్టుబడడం మొదలయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో పోలీసు స్టేషన్లలోని త్రీ నాట్ త్రీ (.303 బోరు లీ-ఎన్‌ఫీల్డ్) నక్సలైట్ల చేతికి, ఎన్‌కౌంటర్ల తర్వాత మళ్లీ పోలీసుల చేతికి మారింది. ఒకే రైఫిల్ రెండు పక్షాలకూ పనిచేసిన సందర్భాలు దీని చరిత్రలో అరుదేమీ కాదు. వరస సంఖ్యను పట్టుకుని రికార్డులు తిరగేస్తే ఆ ప్రయాణం దొరుకుతుంది. సంఖ్య రాసుకోకుండా కరిగించేస్తే, ఆ కాగితాల్లో మిగిలేది సామాను లెక్క మాత్రమే.

చట్టం సంగతి చూస్తే, సైన్యం తూటా కాల్చే తుపాకీ పౌరుడి దగ్గర ఉండకూడదన్న నియమం స్వతంత్ర భారతం కనిపెట్టింది కాదు. బ్రిటిష్ కాలంలోనే .303ను, .577/450 మార్టినీ తూటాను సామాన్యుల వేట తుపాకుల్లో ఆపేశారు. 1907లో .450 బోరును నిషేధిస్తే లండన్ తుపాకీ కంపెనీలు భారత మార్కెట్ కోసం .470, .465 వంటి కొత్త బోర్లు తయారుచేశాయి. అదే ఇరుకులోంచి పుట్టింది .315. ఆస్ట్రియా మాన్లికర్ రైఫిళ్ల 8 మిల్లీమీటర్ల అంచు తూటాను తీసుకుని, దాన్ని లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టుకు జతచేశారు. మొదట బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ, తర్వాత ఇషాపూర్ దీన్ని అమ్మాయి. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో వచ్చిన నిబంధనలు ఈ గీతను మరింత గట్టిగా గీశాయి: .303, 7.62 బోరు బోల్టు రైఫిళ్లు, వాటి సర్వీసు తూటాలను కాల్చగల వేరే ఏ బోరైనా, .410 మస్కెట్లు, అన్నీ నిషిద్ధ వర్గంలో చేరాయి. 2019 సవరణ ఒకరికి గరిష్ఠంగా రెండే తుపాకులన్నది, నిషిద్ధ ఆయుధం ఉంచుకుంటే శిక్షను కనీసం 7 ఏళ్లకు, గరిష్ఠంగా 14 ఏళ్లకు పెంచింది. 1959 చట్టం 45వ సెక్షన్ పాత నమూనా ఆయుధాలను, పురావస్తు విలువ ఉన్నవాటిని మినహాయిస్తుంది గానీ ఒక షరతు మీద: బాగుచేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరాకూడదు. వయసు లెక్కలోకి రాదు, కాల్చే శక్తి వస్తుంది. దీనికి పక్కనే 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు నిండిన వస్తువును పురావస్తువుగా చూస్తుంది. 1916 మార్క్ 3 రైఫిల్ ఒక చట్టం కింద దేశం దాటకూడని వారసత్వం, ఇంకో చట్టం కింద చేతిలో ఉంటే జైలు. రెండు చట్టాలూ తమ తమ పని తాము చేస్తున్నాయి, నడుమ రైఫిల్‌కు దిక్కు లేదు. న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం నల్సార్ శామీర్‌పేటలోనే ఉంది, విద్యార్థికి పరిశోధన అంశం కావాలంటే దూరం వెతుక్కోనక్కరలేదు.

కాల్పుల క్రీడ విషయంలో భూమే మొదటి తీర్పరి. .303 మార్క్ 7 తూటా 174 గ్రెయిన్ల గుండును సెకనుకు 740 మీటర్ల పైచిలుకు వేగంతో వదులుతుంది. ఎత్తుగా కాలిస్తే అది మూడు కిలోమీటర్లు దాటిపోతుంది. అటువంటి రైఫిల్‌కు రేంజి కావాలంటే లక్ష్యం వెనక ఎత్తయిన కట్టో గుట్టో, దానికి అవతల మనుషులు తిరగని విస్తారమైన నేలా ఉండాలి. నల్లరాతి గుట్టలు, జనం పలచగా ఉన్న బీళ్లు ఒకప్పుడు ఈ ఉత్తర శివారుకు ఆ అర్హత ఇచ్చాయి. ఈనాడు నాగపూర్ రహదారి మీద కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, కరీంనగర్ దారిలో హకీంపేట నుంచి శామీర్‌పేట దాకా, అవుటర్ రింగ్ రోడ్డు కూడళ్ల చుట్టూ కట్టడాలు నిండిపోయాయి. వైమానిక స్థావరం, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళ శిక్షణ సంస్థ ఉన్న హకీంపేట దాటితే అంతా వెంచర్లు. పౌరులకు పెద్ద బోరు రేంజి ఇక్కడ పెట్టమనడం అత్యాశ. అందుకే జంటనగరాల క్రీడాకారులు పోటీపడేది 10 మీటర్ల గాలి రైఫిల్, గాలి పిస్టల్‌తోనూ .22 బోరుతోనూ. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో కట్టిన రేంజి ఈ మార్పుకు ఆధారమైంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ వాసి గగన్ నారంగ్ తెచ్చిన కాంస్యం 10 మీటర్ల గాలి రైఫిల్‌లోదే. సైన్యపు రైఫిల్‌కు దగ్గరగా సామాన్య విద్యార్థి చేయి వెళ్లింది ఎన్‌సీసీలో. అక్కడ లీ-ఎన్‌ఫీల్డ్ రూపంలోనే ఉన్న .22 రైఫిల్‌తో బోర్లా పడుకుని గ్రూపింగ్ నేర్చుకున్నవాళ్లు ఒక తరం మొత్తం ఉన్నారు. చట్టబద్ధంగా ఇంట్లో ఉండగల లీ-ఎన్‌ఫీల్డ్ సంతతి మాత్రం .315 స్పోర్టింగ్ రైఫిలే: అదే బోల్టు, అదే వెనక గట్టిపడే పట్టు, మేగజీన్‌లో 5 తూటాలు.

పాత సైనిక రైఫిల్ కాల్చడంలో ఉన్న ప్రమాదాలను సేకర్తలు తేలిగ్గా తీసుకోరు, చదివేవారూ తీసుకోకూడదు. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టును ఒక్కో రైఫిల్‌కు చేత్తో సరిపుచ్చి బిగించేవారు. వేరే దాని బోల్టు ఇందులో పెడితే తూటా అంచుకూ బోల్టు ముఖానికీ నడుమ సందు పెరిగి, తూటా ఇత్తడి డొల్ల చీలి, వేడి గాలి ముఖం మీదికి తన్నవచ్చు. పాత తూటాల టోపీల్లోని క్లోరేటు లవణం కాల్చాక గొట్టంలో ఉప్పు మిగుల్చుతుంది. మన వానాకాలపు తేమలో అది రాత్రికి రాత్రే తుప్పు. అందుకే సిపాయిలు ముందు మరిగే నీళ్లు పోసి, తర్వాత పుల్‌త్రూ తాడుకు గుడ్డపేలిక కట్టి లాగి, బట్టులో దాచిన ఇత్తడి సీసాలోని నూనె పూసేవారు. ఆలస్యంగా పేలడం పాత ఖడ్కీ తూటాల మీద విదేశీ షూటర్లు తరచూ చెప్పే ఫిర్యాదు. మీట నొక్కాక ఏమీ కాలేదని బోల్టు వెంటనే లాగినవాడికి అదే చివరి తప్పు కావచ్చు.

నిషేధాన్ని ఉంచి నమోదు చేస్తే చాలన్న వాదనకు రైఫిల్ ప్రేమికుల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం: కాల్చని రైఫిల్ చచ్చిన ఇనుము, దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చరిత్ర అనడం ఆత్మవంచన అని. 1860 జులైలో వింబుల్డన్‌లో విక్టోరియా రాణి మొదటి గుండు కాల్చి ప్రారంభించిన బ్రిటిష్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీలు 1890 నుంచి బిస్లీలో నడుస్తున్నాయి. అక్కడ పాత సైనిక రైఫిళ్లకు ప్రత్యేక పోటీలున్నాయి. కాల్చేవాళ్లు ఉండబట్టే బోల్టు సందు, గాడుల అరుగుదల, తూటాల తీరు గురించి అంత లోతైన పరిజ్ఞానం పోగుపడిందన్నది నిజం. కానీ ఆ పరిజ్ఞానం పోగుపడిపోయింది. ఒక ఎస్‌ఎంఎల్‌ఈ ఎలా కాలుస్తుందో తెలుసుకోవడానికి మేడ్చల్‌లో ఇంకొకటి కాల్చనక్కరలేదు. మనకు తెలియనిది వేరే ఉంది: ఏ రైఫిల్ ఏ ఆయుధాగారం నుంచి ఏ దారిన ఎవరి చేతుల్లోకి వెళ్లిందన్నది. అది కాల్పుల్లో తేలే విషయం కాదు, ముద్రలో, రిజిస్టరులో తేలేది.

రెండో అభ్యంతరం పోలీసుల వైపు నుంచి వస్తుంది, ఇది బరువైనది. పాత ఆయుధాలను మిగల్చడం అంటే దొంగకు దారి చూపడమే, కరిగించడమే క్షేమం అంటారు. మన్యం ఉదాహరణ, నక్సలైట్ల ఉదాహరణ వాళ్ల పక్షానే ఉన్నాయి. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్‌లో ఉగ్రవాదుల ఆటోమేటిక్ తుపాకుల ముందు త్రీ నాట్ త్రీలతో నిలబడ్డ పోలీసులను చూశాక, ఇవి విధుల నుంచి తప్పుకోవాలనడంలో రెండో మాట లేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతులో దీనికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. కానీ విధుల నుంచి తప్పించడానికీ ఆనవాలు లేకుండా చేయడానికీ తేడా ఉంది. పనికిరానివని తేల్చిన ఆయుధాలను కోసి కరిగించడం మన పోలీసు శాఖల్లో మామూలు పద్ధతి. ఆ కొలిమి ముందు ఒక బల్ల వేసి, ఒక్కో రైఫిల్ మీది ముద్రలను ఫొటో తీసి, సంఖ్య, సంవత్సరం, మార్పులు రాసుకుంటే భద్రతకు వచ్చే లోటేమీ లేదు. కరిగిపోయిన తుపాకీ వివరాలతో ఎవరూ దోపిడీ చేయలేరు. ప్రతి నమూనాకూ ఒకటి రెండు మాత్రం 45వ సెక్షన్ చెప్పినట్టు ఎప్పటికీ కాలకుండా చేసి ప్రదర్శనశాలకు ఇస్తే చాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో ఆయుధాల ప్రదర్శన ఇప్పటికే ఉంది, అయితే అక్కడ సందర్శకుడి చూపును పట్టేసేది రత్నాలు పొదిగిన కత్తిపిడి. పోలీసు కానిస్టేబులు ముప్పై ఏళ్లు మోసిన .410 మస్కెట్‌కు ఆ వైభవం లేదు. జనం బతుకును ఎక్కువగా తాకింది మాత్రం ఆ మస్కెటే.

మూడోది ఇంకో కోణంలోంచి: ఇది మనల్ని అణిచిన వాడి ఆయుధం, దాన్ని భద్రపరచడం బానిసత్వపు వ్యామోహం కాదా అని. ఆయుధాన్ని ఆరాధనగా చూస్తే ఆ మాట నిజమే, ఇంగ్లిష్ సేకర్తల రాతల్లో సామ్రాజ్యం మీద మురిపెం చాలాచోట్ల కనిపిస్తుంది కూడా. కానీ బొల్లారంలో సిపాయికి నున్నటి గొట్టం ఇచ్చిన సంగతి, కానిస్టేబులు తుపాకీ నుంచి మేగజీన్ తీసేసిన సంగతి ఆ ఇనుములోనే ఉన్నాయి. వలస పాలన తన ప్రజలను ఎంత నమ్మిందో తనకు తానే ఇచ్చిన వాంగ్మూలం అది. దాన్ని కరిగించడం వల్ల మేలు కలిగేది నిందితుడికే. పైగా 1947 తర్వాత ఈ రైఫిల్ మనది కూడా: అశోక సింహాలు కొట్టిన 2ఏ1ను బ్రిటిష్ ఆయుధం అనగలమా? విచిత్రం ఏమంటే, ఆ 2ఏ, 2ఏ1 రైఫిళ్లు మిగులు సరుకుగా అమెరికాకు చేరి, అక్కడి సేకర్తలు వాటి ముద్రలను, తయారీ ఏళ్లను, మేగజీన్ తేడాలను వరసపెట్టి రాసుకున్నారు. ఇషాపూర్ పనితనం గురించి మనం ఈరోజు చదివేదాంట్లో ఎక్కువ వాళ్లు రాసినదే.

ఖర్చు అనేది ఆఖరి అభ్యంతరం, జవాబు చెప్పడానికి తేలికైనది కూడా. నేపాల్‌లో కాఠ్మండూ రాజభవనపు పాత ఆయుధశాలలో దశాబ్దాలుగా మూలపడి ఉన్న వేలాది మార్టినీ-హెన్రీలు, స్నైడర్లు, దేశీయంగా తయారైన గహేంద్ర రైఫిళ్లు 2003లో అమెరికా వ్యాపారులకు అమ్ముడుపోయాయి. అప్పటిదాకా గహేంద్ర రైఫిల్ బయటి ప్రపంచానికి దాదాపు తెలియదు. నేపాల్ చేసినది గొప్ప పనేమీ కాదు, అది కరిగించడం మరిచిపోయింది, అంతే. ఆ మరుపు వల్ల ఒక దేశపు తుపాకీ తయారీ చరిత్ర దొరికింది, అదీ విదేశీయుల చేతుల్లోంచి. ఉత్తర హైదరాబాద్‌లో మరుపు మీద ఆధారపడనక్కరలేదు. సైన్యపు ఆయుధాల నిర్వహణ నేర్పే ఈఎంఈ శిక్షణ సంస్థలు తిరుమలగిరిలో ఉన్నాయి, చట్టం తెలిసినవాళ్లు శామీర్‌పేటలో ఉన్నారు, ప్రదర్శనశాలలు నగరంలో ఉన్నాయి. ఒక రైఫిల్‌కు కావలసినది నాలుగు ఫొటోలు: బట్టు మొదటి ముద్ర, రిసీవరు మీది సంఖ్య, బోల్టు పిడి, ముక్కు తొడుగు. వాటితోపాటు అది ఏ స్టేషన్ నుంచి వచ్చిందో ఒక వాక్యం. ఇంట్లో వారసత్వంగా వచ్చిన .315 ఉన్న కుటుంబాలకూ అదే వర్తిస్తుంది. ఇద్దరు అన్నదమ్ములకు రెండు తుపాకుల పరిమితి అడ్డమై తాతగారి రైఫిల్‌ను స్టేషన్‌లో అప్పగించే ముందు, దాని లైసెన్సు పుస్తకంలోని పాత పుటలను నకలు తీసి ఉంచుకోవడానికి ఏ సెక్షనూ అడ్డు రాదు.